ఏటికొప్పాక ఏనుగు: నాలుగేళ్లు వాడి రాస్తున్న రివ్యూ

బొమ్మ డబ్బా విప్పిన రోజే ఐదు స్టార్లు కొట్టేసే రివ్యూలు చూసి చూసి విసుగొచ్చింది, అందుకే ఇది కాస్త ఆగి రాస్తున్నా. మా ఇంట్లో ఏటికొప్పాక లక్క ఏనుగు ఒకటి ఉంది, నాలుగేళ్లు దాటింది, పేరు అప్పారావు. పేరు పెట్టింది మా పాప కాదు, మా మావయ్యగారు. బొమ్మ ఇంటికొచ్చిన రోజు పాప తాడు పట్టుకుని లాగుతుంటే అది రెండడుగులు రావడం, ఆగిపోవడం, మళ్లీ లాగితే కదలడం చూసి "మా సెక్షన్లో అప్పారావని ఒకడుండేవాడమ్మా, వాడూ అంతే, తాడు కట్టి లాగితే తప్ప ఫైలు కదిలేది కాదు" అన్నారు, అంతే, ఆ పేరు అలా ఉండిపోయింది.

జానెడు పొడవుంటుంది. ఎర్రటి గుండ్రటి ఒళ్లు, పసుప్పచ్చ చెవులు, కింద నాలుగు చక్రాలు, ముందు ఒక తాడు. 2021 డిసెంబర్లో అన్నవరం వెళ్లి వస్తూ కొన్నాం. వైజాగ్ నుంచి 60 కిలోమీటర్ల పైనే ఉంటుంది ఏటికొప్పాక ఊరు, హైవే దిగి కొంచెం లోపలికెళ్లాలి, వరాహ నది ఒడ్డున. అప్పటికింకా విశాఖ జిల్లానే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. మాకు 350 పడింది. బేరం ఆడదామని నోరు తెరిచాను గానీ అంతలోకే లోపల పని చూపించారు, ఇంక ఆడబుద్ధి కాలేదు.

అది చూసి తీరాల్సిందే నిజంగా. అంకుడు కర్ర అని ఉంటుంది, తెల్లగా మెత్తగా ఉంటుంది, దాన్ని లేత్ మిషన్ మీద బిగించి తిప్పుతూ ఉలి పెడితే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది, చూస్తూ చూస్తూ ఉండగానే ఏనుగు పొట్ట తయారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీ తీసుకుని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్ర మీద పరుచుకుంటుంది, బ్రష్షు లేదు, డబ్బా లేదు. ఆఖర్న మొగలి ఆకు ఒకటి మడిచి దాని మీద నొక్కిపెడితే అద్దంలా మెరుపొస్తుంది. మా పాపకి అప్పుడు రెండేళ్లు, నా చంకలోంచి వంగి వంగి చూసి, పచ్చిగా తెల్లగా ఉన్న ఇంకో ఏనుగు పొట్టని చూపించి "దానికి చొక్కా లేదు" అంది.

ఇంట్లో వాడకం సంగతికొస్తే మొదటి కంప్లైంట్ చప్పుడు. చెక్క చక్రాలు, మాది టైల్స్ ఫ్లోరు, పొద్దున్నే ఆరున్నరకి అప్పారావు హాల్లోంచి వంటింట్లోకి బయల్దేరితే కింద ఫ్లాట్ ఆంటీకి గ్రైండర్ తిప్పుతున్నట్టు వినిపిస్తుందట. ఆవిడ మంచావిడ కాబట్టి "ఏనుగు గారు లేచారా" అని అడిగేవారు, అడిగినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టయ్యేది. చివరికి మా ఆయన పాత సైకిల్ ట్యూబు రింగులుగా కత్తిరించి చక్రాలకి తొడిగారు, చప్పుడు ముప్పావు వంతు తగ్గింది. ఇది చేసేవాళ్లే చేసి ఇస్తే బావుంటుంది కానీ అప్పుడు అది ఏటికొప్పాక బొమ్మలా ఉంటుందా అని ఇంకో డౌటు కూడా ఉంది నాకు.

రెండోది, పాప దాన్ని తినేసింది. అంటే నిజంగానే, పళ్లొచ్చే వయసు కదా, తొండం చివర ఆరు పంటిగాట్లు ఉన్నాయి, ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. ప్లాస్టిక్ బొమ్మయితే నాకు నిద్ర పట్టేది కాదు. మేం కొన్నచోట పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, ఇలాంటి వాటితోనే రంగులు కలుపుతామని సరుకు చూపించి మరీ చెప్పారు. ఈ చెట్ల రంగుల పద్ధతిని ఆ ఊళ్లో మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి తిరిగిన మనిషి సి.వి. రాజు గారు, 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకి. 2017లో ఊరి బొమ్మలకి జీఐ ట్యాగ్, అంటే ఇవి ఈ ఊరివే అనే గుర్తింపు, వచ్చింది. అయితే ఇక్కడో మాట, ఏటికొప్పాక అని బోర్డు పెట్టినంత మాత్రాన ప్రతి బొమ్మకీ చెట్ల రంగే అనుకోకండి, నోట్లో పెట్టుకునే పిల్లలున్నవాళ్లు అడిగి కొనుక్కోండి. అడిగితే చెప్తారు, మొహమాటపడకండి.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. 2022 మొదట్లో ఇంకా కోవిడ్ భయం పోలేదు కదా, బయటికెళ్లి వచ్చిన ప్రతిదానికీ శానిటైజర్ కొట్టే రోజులు, పాల ప్యాకెట్‌కి కొట్టాం, తాళాలకి కొట్టాం, అప్పారావుకీ కొట్టాను. దూదితో గట్టిగా తుడిచాను కూడా. దూది ఎర్రగా అయింది. ఏనుగు వీపు మీద అరచేతి మేర మెరుపు పోయి, బంకగా, ముట్టుకుంటే వేలిముద్ర పడేలా అయిపోయింది. నేను వెంటనే "రంగు దిగిపోతోంది, నకిలీది అంటగట్టారు" అని ఇంట్లో అందరికీ చెప్పేశాను. రివ్యూ అప్పుడే రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చేదాన్ని. తప్పు ఎవరిదో మూడేళ్ల తర్వాత తెలిసింది, అది కింద చెప్తా.

దాని మీద ఇంకోటి. 2023 మే నెలలో రాజమండ్రిలో పెళ్లి, కారు ఎండలో పెట్టి భోజనాలకెళ్లాం, అప్పారావు వెనక సీట్లో టవల్ మీద పడుకుని ఉన్నాడు. రెండు గంటల తర్వాత వచ్చి తీస్తే టవల్ కూడా లేచొచ్చింది. పొట్ట మీద లక్క మెత్తబడి టవల్ నేత మొత్తం అచ్చుపడిపోయింది, చిన్న చిన్న గళ్లు గళ్లుగా. వేడికి కరిగించి పూసింది వేడికే మెత్తబడదా మరి, లేత్ దగ్గర కళ్లారా చూసొచ్చి కూడా మాకు తట్టలేదు. మా మావయ్యగారు మాత్రం "అప్పారావు బనీను వేసుకున్నాడు" అన్నారు.

ప్రయాణాల విషయంలో మాత్రం దీనికి పది మార్కులు వేస్తా. బ్యాటరీ లేదు, విడిపోయే ముక్కల్లేవు, బ్యాగులో ఎక్కడ తోసినా ఏం కాదు. అరకు రైల్లో వెళ్లినప్పుడు పాప దాన్ని కిటికీ చువ్వలకి ఆనించి పట్టుకుని సొరంగం వచ్చినప్పుడల్లా దాని కళ్లు మూసేది, ఆ దారిలో 58 సొరంగాలంటారు, బొర్రా గుహలు స్టేషన్ వచ్చేసరికే పాపగారి చేతులు నొప్పెట్టి ఆ డ్యూటీ నాకు అప్పజెప్పింది. తిరుమల వెళ్లినప్పుడు పెద్ద గొడవైంది. అలిపిరిలో లగేజీ ఇచ్చేస్తే వాళ్లే కొండ మీదకి చేరుస్తారు కదా, మా ఆయన బ్యాగుతో పాటు అప్పారావుని కూడా ఇచ్చేశారు. మెట్లు మొదలెట్టాక చూసుకుంది పాప. మొత్తం 3550 మెట్లు, అందులో ఎన్ని మెట్లు ఏడ్చిందో నేను లెక్కపెట్టలేదు గానీ గాలిగోపురం దాకా ఆగలేదు. "వాడు వ్యాన్‌లో వెళ్తున్నాడు, మనమే నడుస్తున్నాం, ఏడవాల్సింది మనం తల్లీ" అని వెనకాల వస్తున్న ముసలావిడ ఒకావిడ అన్నాక నవ్వింది. పైన లగేజీ కౌంటర్లో బ్యాగు తీసుకోగానే ముందు జిప్పు తెరిచి "అలిసిపోయావా" అని అడిగింది దాన్ని.

అన్నిటికంటే పెద్ద ట్రిప్ 2024లో మెల్‌బోర్న్, మా చెల్లి దగ్గరికి. చెక్క బొమ్మలు విదేశాలకి తీసుకెళ్లేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. ఆస్ట్రేలియాలో దిగేముందు ఇచ్చే కార్డులో తిండి, మొక్కలు, విత్తనాలతో పాటు చెక్క వస్తువులు ఉన్నాయా అని కూడా అడుగుతారు. మా ఆయన "బొమ్మే కదా, లేదని కొట్టెయ్" అన్నారు, నేను ఉందనే టిక్ పెట్టాను, ఎందుకంటే దాచి దొరికితే ఫైను, చెప్తే చూసి ఇచ్చేస్తారు, అంతే తేడా. పక్క లైన్లోకి పంపారు. గ్లౌజులు వేసుకున్న ఒకావిడ అప్పారావుని తలకిందులు చేసి, చిన్న టార్చి వేసి, చక్రాలు దూర్చిన కన్నాలూ, చెవుల సందులూ అన్నీ చూసింది. పురుగు తొలిచిన గుర్తులు, బెరడు లాంటివి ఉన్నాయేమోనని చూస్తారట. మా పాప ఊపిరి బిగబట్టి నిలబడింది, డాక్టరు దగ్గర నిలబడ్డట్టు. పొట్ట మీద టవల్ గళ్లు చూసి ఇదేం డిజైను అని అడిగింది ఆవిడ, దానికి నేనేం చెప్తాను, మా ఊరి స్టైల్ అన్నాను. ఏనుగుని ఇచ్చేసింది. మా అత్తయ్యగారు పొట్లం కట్టి ఇచ్చిన పచ్చి కరివేపాకు మాత్రం అక్కడే ఆగిపోయింది.

చెల్లి వాళ్లింట్లో అంతా కార్పెట్, అక్కడ చక్రాలు తిరగవు, ఈడ్చుకుపోవడమే. బీచ్‌కి తీసుకెళ్తే ఇసక ఇరుసులోకి పోయి కిర్రుకిర్రుమంది, నేను తెలివిగా కొబ్బరినూనె రాశాను, దాంతో కార్పెట్ నూగంతా ఇరుసుకి చుట్టుకుని అసలుకే ఆగిపోయింది. నూనె వద్దు, కొవ్వొత్తి రుద్దండి, ఆ మైనం చాలు. పఫింగ్ బిల్లీ అని అక్కడ పాత ఆవిరి రైలు ఉంటే అది కూడా ఎక్కాం, దీనికి సొరంగాల్లేవని పాప కొంచెం చిన్నబుచ్చుకుంది.

2025 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో మన ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే, చూసే ఉంటారు. టీవీలో అంత పెద్ద బొమ్మలు కనిపించేసరికి మా పాప అప్పారావుని ఎత్తి స్క్రీన్‌కి ఆనించి "నీ చుట్టాలు రా" అని అరిచింది. అప్పుడు చూశాను దాని అవతారం, వీపు బంక మీద మూడేళ్ల దుమ్ము పేరుకుంది, పొట్టకి గళ్లు, ఒక చక్రం ఊగుతోంది. ఇంక తర్వాతి నెలలో ఒక ఆదివారం పట్టుకుని ఊరెళ్లాం.

కొన్నచోటికే వెళ్లాం. బొమ్మలు చేసే ఆయన ఏనుగుని చేతిలోకి తీసుకుని, వీపు మీద బొటనవేలితో రుద్ది, వాసన చూసి, "స్పిరిట్ ఏమన్నా తగిలిందా అమ్మా దీనికి?" అన్నాడు. నాకు మూడేళ్ల కిందటి దూది గుర్తొచ్చింది. శానిటైజర్ అంటే మరి అదే కదా. లక్కకి తడిగుడ్డ పెడితే ఏం కాదట, స్పిరిట్ తగిలితే మాత్రం కరుగుతుందట. నకిలీ అని ఇంటిల్లిపాదికీ చెప్పినదాన్ని అక్కడ నోరు మూసుకుని కూర్చున్నా, మా ఆయన నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ నవ్వుకున్నారు.

చక్రాలు, చెవులు, తొండం అన్నీ మేకుల్లేకుండా చెక్క చీలలతోనే బిగించారు కాబట్టి ఊడదీసేశాడు, పొట్టని మళ్లీ లేత్‌కెక్కించి, పాత లక్క గీకి, కొత్త కడ్డీ ఆనించాడు. పది నిమిషాల పని. మొగలాకు పెట్టగానే మెరుపొచ్చేసింది. తొండం కూడా చేసిస్తానన్నాడు, అక్కడ మా పాప అడ్డుపడింది, "అది నేను కొరికింది, అది ఉండాలి" అని. ఆయన "సరే పాపా, నీ పళ్లు నీ దగ్గరే ఉంచుకో" అని తొండం అలాగే బిగించి ఇచ్చాడు. 60 రూపాయలు తీసుకున్నాడు. ఏ కంపెనీ బొమ్మకి ఇలాంటి సర్వీస్ ఉందో చెప్పండి నాకు.

కొనాలనుకునేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ఊరు వెళ్లగలిగితే ఊరే వెళ్లండి. ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో ఏటికొప్పాకవేనని చెప్తే మా ఆడపడుచు లక్కపిడతల సెట్టు తీసుకుంది, ఇంటికొచ్చి చూస్తే మామూలు పెయింటు, నెల తిరక్కుండా పెచ్చులు లేచాయి. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, లక్క కర్రలోకి ఇంకినట్టు నున్నగా ఉంటుంది, పెయింట్ పైన పొరలా ఉంటుంది. అలాగే కొండపల్లి బొమ్మ, ఇది ఒకటే అనుకోకండి. కొండపల్లివి పొణికి కర్ర, తేలిగ్గా దూదిలా ఉంటాయి, చింతగింజల మక్కుతో అతుకులు వేసి పైన రంగులేస్తారు, చూడ్డానికి వాటి అందం వేరే, కానీ రెండేళ్ల పిల్ల చేతికిస్తే అంబారీ ఒకచోట, ఏనుగు ఒకచోట. అవి కొలువులోకి, ఇవి ఆటలోకి.

మా ఇంట్లో మాత్రం సంక్రాంతి కొలువులో కూడా అప్పారావు ఉంటాడు. కింద మెట్టు మీద, చివర. ఈసారి కొత్త కొండపల్లి దశావతారాల సెట్టు తెచ్చాం కదా, వాటి పక్కన పెడదామంటే పాప ఒప్పుకోలేదు, మధ్యలో ఆడుకోవడానికి తియ్యాలట, అందుకని చివరే. పేరంటానికి వచ్చిన కింద ఫ్లాట్ ఆంటీ వంగి చూసి, ఒళ్లంతా కొత్తగా ఉంది, తొండమేంటి ఇలా ఉందీ అని అడిగారు.

స్టార్లు నాలుగున్నర. అర స్టార్ ఆ చక్రాల చప్పుడుకి. మార్చిలో చెల్లి వాళ్ల బాబు కోసం ఇంకోటి చెయ్యమని చెప్పొచ్చాం, ఈసారి నీలం రంగు. సైకిల్ ట్యూబు మిగిలింది, అదీ దాచాను.