హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్: పూర్తి చేశాక నా అభిప్రాయం

డల్లాస్ దగ్గర ఒక ఆసుపత్రి ఐటీ విభాగంలో పనిచేస్తూ, రాత్రిళ్లూ శని ఆదివారాలూ కూర్చుని ఈ డిగ్రీ పూర్తి చేశాను. చదువుగా దీనికి మంచి మార్కులే వేస్తాను. ఉద్యోగం కోసమే అయితే మాత్రం అందరినీ చేరమని చెప్పను.

పేరు వినగానే ఉగ్రవాదం, సరిహద్దు, పోలీసులు గుర్తొస్తారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2002లో చట్టం చేసి, 22 సంస్థలను ఒక్క గొడుగు కిందికి తెచ్చి అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖను ఏర్పాటు చేశారు కాబట్టి మొదటి కోర్సుల్లో ఆ చరిత్రే ఎక్కువ. కానీ 2005లో కత్రినా హరికేన్ న్యూ ఓర్లీన్స్‌ను ముంచేశాక ఈ రంగం దృష్టి మారింది. మరుసటి ఏడాదే విపత్తుల పనులు చూసే ఫెడరల్ సంస్థ ఫెమాను బలపరుస్తూ ఇంకో చట్టం వచ్చింది. నేను చదివిన సిలబస్‌లో పెద్ద భాగం తుపాన్లు, వరదలు, కరెంటు, నీళ్లు, సైబర్ దాడుల గురించే.

నాకు అన్నిటికన్నా నచ్చింది కీలక మౌలిక సదుపాయాల కోర్సు. అమెరికాలో వీటిని 16 రంగాలుగా విడదీశారు. ఒక రంగం పడిపోతే ఇంకో రంగం ఎలా పడిపోతుందన్నదే ఆ కోర్సు సారం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిన రోజులు ఇక్కడి తెలుగువాళ్లు ఎవరూ మర్చిపోలేరు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. చలికి విద్యుత్ కేంద్రాల యంత్రాలు గడ్డకట్టి కరెంటు పోయిందని మాత్రమే అప్పట్లో అనుకున్నాం. గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా పెట్టిన కోతల్లో గ్యాస్ తీసి పంపే కొన్ని కేంద్రాలకు కూడా కరెంటు ఆగిపోయిందని కోర్సులో తెలిసింది. కోత పెట్టకూడని జాబితాలో వాటి పేర్లు లేవు. అక్కడ గ్యాస్ తగ్గేసరికి గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాలు మరికొన్ని ఆగాయి. ఇది చదివిన తర్వాత మా ఆసుపత్రి మీటింగుల్లో నేను అడిగే ప్రశ్నలు మారాయి. జనరేటర్ ఉంది సరే, దానికి డీజిల్ తెచ్చే ట్యాంకర్ ఎక్కడ నింపుకుంటుంది, అక్కడ కూడా కరెంటు లేకపోతే ఎలా?

ఐటీవాళ్లకు కలోనియల్ పైప్‌లైన్ కేసు కూడా బాగా పనికొస్తుంది. 2021 మేలో, తూర్పు తీరం వాడే ఇంధనంలో దాదాపు సగం మోసే ఆ పైప్‌లైన్ సైబర్ దాడితో ఆగిపోయింది. హ్యాకర్లు లోపలికి వచ్చింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) అకౌంట్ ద్వారా. పాస్‌వర్డ్ తప్ప దానికి రెండో తనిఖీ లేదు.

ఇక క్లాసుల సంగతి. వారం మధ్యలో ఒక డిస్కషన్ పోస్ట్, ఆదివారం లోపు ఇంకో ఇద్దరికి జవాబులు. తోటి విద్యార్థులను బట్టి అది నీరసంగానైనా ఉంటుంది, అద్భుతంగానైనా ఉంటుంది. నా అదృష్టం, ఫైర్ కెప్టెన్లు, పోలీసు అధికారులు, కోస్ట్ గార్డ్‌లో పనిచేసినవాళ్లు ఉన్న బ్యాచ్ దొరికింది. విపత్తు దగ్గర పనిలో ఒక సూపర్‌వైజర్ కింద ముగ్గురు నుంచి ఏడుగురు మాత్రమే ఉండాలని పుస్తకం చెబుతుంది. ఎందుకలా అన్నది కార్చిచ్చు దగ్గర నిలబడిన మనిషి చెబితేనే అర్థమైంది. ఒక ప్రొఫెసర్ మాత్రం పేపర్ మీద వ్యాఖ్యలు తర్వాతి పేపర్ గడువు దాటాక పంపేవారు. అంత ఫీజు కట్టించుకుని అలా చేయడం న్యాయం కాదు.

ఇంకో లోటు, ఉదాహరణలన్నీ దాదాపు అమెరికావే. మాది కృష్ణా జిల్లా. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయిన కథలు వింటూ పెరిగాను. అందుకే అడిగి మరీ ఒక పేపర్ దివిసీమ, 2014 హుద్‌హుద్ తుపాన్ల మీద రాశాను. ముందస్తు హెచ్చరిక, జనాన్ని సమయానికి తరలించడం ఎన్ని ప్రాణాలు కాపాడతాయో చూపించడానికి ఇంతకన్నా మంచి జంట నాకు దొరకలేదు. ఇలాంటివి సిలబస్‌లోనే ఉండాలి.

మనవాళ్లు చేరేముందు తప్పక తెలుసుకోవాల్సింది పౌరసత్వం విషయం. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలన్నా సాధారణంగా అంతే. పూర్తిగా ఆన్‌లైన్ డిగ్రీకి స్టూడెంట్ వీసా రాదు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఈ శాఖలో ఉద్యోగం వస్తుందని అప్పు చేసి చేరడం తలచుకుంటేనే నాకు బాధేస్తుంది. ఆసుపత్రులు, బ్యాంకులు, విద్యుత్ కంపెనీల్లో బిజినెస్ కంటిన్యుటీ (ఆపద వచ్చినా పని ఆగకుండా చూసుకోవడం), విపత్తు ప్రణాళిక పనులు చేసేవాళ్లకైతే ఇది నేరుగా ఉపయోగపడుతుంది.

డబ్బు కట్టకముందు ఫెమా ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు ఐఎస్-100, 200, 700, 800 చేసి చూడండి. అవి విసుగనిపిస్తే ఈ డిగ్రీ మీకు పడదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముందు కాలిఫోర్నియా మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌కు అప్లై చేయాలి. ఎంపికైతే అక్కడ మాస్టర్స్‌కు ట్యూషన్ ఫీజు ఉండదు, కాకపోతే కొన్ని వారాలు అక్కడికి వెళ్లి చదవాలి. మిగతావాళ్లు కాలేజీకి అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉందో లేదో చూసుకుని, తర్వాత హెచ్‌ఆర్‌ను అడగండి. కంపెనీ చదువుకు ఇచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. నా ఫీజులో పెద్ద భాగం అలాగే గడిచింది.