సర్వేనా, ఇంటికెళ్లి చూడడమా: రేపటి మార్పును పసిగట్టడానికి ఏది మేలు?

చెన్నైలో చిన్నా చితకా వ్యాపారాలు చేసుకునే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "నాలుగైదేళ్లకి జనం ఏం కొంటారో తెలియాలంటే సర్వే చేయించాలా, ఇళ్లకు వెళ్లి కూర్చోవాలా? రెండింటికీ డబ్బు పెట్టలేం, ఏదో ఒకటి చెప్పండి." ఈమధ్యే వేళచ్చేరిలో పచ్చళ్లు అమ్మే మిత్రుడి కోసం రెండూ చేయాల్సి వచ్చింది. అది ఇంకా మనసులో తాజాగా ఉంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

సర్వే బలమల్లా అంకెలే. ఎంతమంది, ఏ వయసు, ఏ పేట అన్నీ తేలిపోతాయి. బ్యాంకు మేనేజరు ముందు పెట్టినా చెల్లుతుంది. చిక్కేమిటంటే, ఫారం రాసేవాడికి తట్టని సంగతి ఫారంలోకి రాదు. 1985లో కోకాకోలా దాదాపు 2 లక్షల మందికి కొత్త రుచి తాగించి చూసింది. పాతదానికన్నా బాగుందన్నవాళ్లే ఎక్కువ. తీరా మార్కెట్లోకి వదిలాక మూడు నెలలు తిరక్కుండానే పాతదాన్ని మళ్లీ తేవాల్సి వచ్చింది. ఏది రుచిగా ఉందని అడిగారు సరే, పాతది అసలు దొరక్కపోతే జనానికి ఎలా ఉంటుందన్నది తగినంత పట్టించుకోలేదు.

మా మిత్రుడి ఫారానికి 180 మంది జవాబిచ్చారు. సీసా ఎంతది కావాలి, కారం ఎంతుండాలి, నూనె ఏది, ఇవీ ప్రశ్నలు. చాలామంది అరకిలో సీసా అన్నారు. ఆయన వెంటనే సీసాలకు ఆర్డరిచ్చేశాడు.

తర్వాత వేళచ్చేరి, పెరుంగుడి, పల్లావరంలలో పదకొండు తెలుగిళ్లకు వెళ్లాం. "ఫ్రిజ్ ఒకసారి చూపిస్తారా అక్కా" అని అడగడం నా అలవాటు. మొదటిసారి వెళ్తే ఇల్లంతా సర్దేసి ఉంటుంది, కాఫీ ఇచ్చి మనకు నచ్చే మాటలే చెబుతారు. అందుకే రెండోసారి కూడా వెళ్తాను. తొమ్మిదిళ్లలో ఆవకాయ ఊరి నుంచి వచ్చిందే. తెనాలి నుంచో ఒంగోలు నుంచో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మోసుకొచ్చింది. మిత్రుడి సీసా వెనక వరసలో ఉంది, ఊరిది అయిపోయాక తినడానికి. ఒకావిడ మాటల మధ్యలో అంది: "ఈసారి అమ్మ సగమే పెట్టిందండీ, మోకాళ్ల నొప్పులు. వచ్చే ఏడు పెడుతుందో లేదో." ఇంకో రెండిళ్లలోనూ ఇదే మాట. అప్పటిదాకా మేం పక్క బ్రాండుల ధరలు చూసుకుంటూ కూర్చున్నాం. మా అసలు పోటీ ఆ ఊళ్లో ఉన్న అమ్మతో, ఆవిడకేమో డెబ్బై దాటింది. ఈ సంగతి ఏ ఫారంలో ఎవరు రాస్తారు?

"పదకొండిళ్లు చూసి పెట్టుబడి పెట్టమంటారా?" అని మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొద్దిమందినే చూశారని కొట్టిపారేస్తే ఏమవుతుందో నోకియా కథ చెబుతుంది. శ్రీపెరుంబుదూరు నోకియా ప్లాంటు చెన్నైలో అందరికీ గుర్తే. మన దుమ్ముకీ చీకటికీ తగ్గట్టు టార్చి పెట్టి తెచ్చిన నోకియా 1100 ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. అలాంటి కంపెనీకే 2009లో ట్రిషియా వాంగ్ అనే పరిశోధకురాలు ఓ హెచ్చరిక చేసింది. చైనాలో తక్కువ ఆదాయం వాళ్ల మధ్య గడిపి, వాళ్లు కూడా స్మార్ట్‌ఫోన్ కోసం ఎంతకైనా సిద్ధంగా ఉన్నారని చెప్పింది. ఆమె మాట్లాడింది వంద మందితోనే, తమ దగ్గర లక్షల మంది లెక్కలున్నాయని కంపెనీ పక్కన పెట్టేసింది. 2014లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది, ఆ నవంబరులోనే ఇక్కడి ప్లాంటు మూతపడింది. (ప్లాంటు కథలో పన్ను తగాదా కూడా ఉంది, అది వేరే గొడవ.)

అమ్మకాల లెక్కలు చూసుకుంటే చాలదా అంటారు కొందరు. అవి నిన్నటి సంగతి చెబుతాయి, అదీ మన దగ్గర కొన్నవాళ్లదే. నిపుణులను పదేపదే అడిగి అంచనా రాబట్టే డెల్ఫీ పద్ధతి ఒకటుంది, 1950ల్లో రాండ్ సంస్థలో పుట్టింది. పచ్చళ్ల వ్యాపారానికి అంత హంగామా అక్కర్లేదు.

ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు ఇళ్లకే. రెండు ఆదివారాలు, ఆటో ఖర్చులు, అంతే. ఇంకాస్త మిగిలితే ఆ తర్వాత సర్వే చేయండి, అందులో రేపటి గురించి అడక్కండి. మేం ఇప్పుడు పంపిన కొత్త ఫారంలో మొదటి ప్రశ్న: "పోయినేడు ఊరి నుంచి ఎన్ని కిలోల పచ్చడి వచ్చింది, అంతకుముందు ఏడు ఎంత?" రెండోది: "మీ అమ్మగారి ఆవకాయలో వెల్లుల్లి ఉంటుందా?" జవాబులు ఇంకా వస్తున్నాయి. అరకిలో సీసాల ఆర్డరును మాత్రం మిత్రుడు ప్రస్తుతానికి ఆపించాడు.