ఎస్ఆర్ఎం 1941బి: మా ల్యాబ్‌లో నేను నమ్మే మట్టి

సముద్రగర్భ మట్టిలో పీఏహెచ్‌లు (బొగ్గు, నూనెలు కాలినప్పుడు కూడా పుట్టే కాలుష్య రసాయనాలు), పీసీబీలు (క్లోరిన్ ఉన్న పారిశ్రామిక కాలుష్యాలు) కొలిచేవాళ్లకి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన ఈ రిఫరెన్స్ మట్టి, అంటే ఏది ఎంత ఉందో ముందే ధ్రువీకరించిన మట్టి, గొప్ప అండ. బాల్టిమోర్ హార్బర్ ముఖద్వారం దగ్గర తవ్వి తీసి, ఎండబెట్టి, జల్లించిన మట్టి ఇది. మన శాంపిల్స్‌తో పాటే నడిపి, బెంజో-ఎ-పైరీన్ అనే పీఏహెచ్ కిలోకి 358 మైక్రోగ్రాముల దగ్గర వస్తోందా లేదా చూస్తే పద్ధతి బండారం బయటపడుతుంది.

నాకు బాగా నచ్చింది ఇందులోని గంధకం. మట్టి నుంచి ద్రావకంతో తీసిన సారంలో, గంధకాన్ని తొలగించడానికి రాగి వేయగానే ఆ రాగి నల్లబడుతుంది, అచ్చం సముద్రం నుంచి తెచ్చిన మట్టిలాగే. శుభ్రమైన స్టాండర్డ్ ద్రావణాలతో ఈ తిప్పలు తెలిసే దారే లేదు.

సారాన్ని చిక్కబరచడానికి నత్రజని ఊదేటప్పుడు మాత్రం పూర్తిగా ఎండనివ్వకండి, తేలిగ్గా ఆవిరయ్యే పీఏహెచ్ అయిన నాఫ్తలీన్ ఎగిరిపోతుంది. విలువలన్నీ పొడి బరువు మీద ఇచ్చినవే, అందుకే తేమ విడిగా కొలవాలి. ఖరీదెక్కువే, అయినా కొనండి.