ఇంట్లో తుపాకీ తయారీ: వదిలేయాలా, నంబర్ వేయాలా, నిషేధించాలా?

అమెరికాలో సొంతానికి ఇంట్లో తుపాకీ చేసుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కాదు, ఇది విని మనవాళ్లు చాలామంది నమ్మరు. 1968 నాటి ఫెడరల్ తుపాకుల చట్టం లైసెన్సు అడిగేది వ్యాపారం చేసేవాళ్లనే. మెషిన్ గన్, మెటల్ డిటెక్టర్‌కి దొరకని తుపాకీ లాంటివి కాకపోతే, మనిషికి తుపాకీ ఉంచుకునే అర్హత ఉంటే, దాని మీద సీరియల్ నంబర్ కూడా అక్కర్లేదు. రాష్ట్రాలు మాత్రం మూడు దార్లు పట్టాయి. కొన్ని పట్టించుకోలేదు, కాలిఫోర్నియా 2018 నుంచి ముందే సీరియల్ నంబర్ తీసుకోమంది, డెలావేర్ నంబర్ లేనివాటిని ఏకంగా నిషేధించింది.

వదిలేయమనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆయుధం ఉంచుకునే హక్కు 1791 నుంచీ రాజ్యాంగంలో ఉంది, పైగా 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తర్వాత ఏ ఆంక్షకైనా పాతకాలపు ఆనవాయితీ ఉందని ప్రభుత్వమే చూపించాలి, ఇంట్లో తయారీని నిషేధించిన ఆనాటి చట్టం వెతికి పట్టుకోవడం కష్టం. డెలావేర్ అక్కడే దెబ్బతింది. రాజ్యాంగం "ఉంచుకోవడం" అంది గానీ "తయారీ" అనలేదన్న ఆ రాష్ట్రం వాదన నిలవలేదు, అదే ఏడాది ఫెడరల్ జిల్లా కోర్టు ఆ నిషేధంలో ముఖ్యభాగాన్ని తాత్కాలికంగా ఆపేసింది. పుస్తకం చదువుకో గానీ అచ్చు వేయకు అన్నట్టుంది ఆ వాదన.

అలాగని వదిలేస్తే? జాడ కోసం పోలీసులు ఫెడరల్ ప్రభుత్వానికి పంపిన, ఇంట్లో చేసినవిగా అనుమానించిన తుపాకులు 2017లో 1,600 దాకా ఉంటే 2021కి 19,000 దాటాయి. కొట్టులో కొనేవాడికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేరచరిత్ర లాంటివి చూసే తనిఖీ) పెట్టి, అదే తుపాకీని పెట్టెలో విడిభాగాలుగా తెప్పించుకునేవాడికి ఏమీ లేకపోతే ఆ చెక్ ఎందుకు పెట్టినట్టు?

ఇలా పెట్టెలో వచ్చే విడిభాగాల కిట్లను కూడా తుపాకులుగానే లెక్కించే ఫెడరల్ నిబంధనను 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2తో నిలబెట్టింది, జస్టిస్ గోర్సచ్ రాశారు. దాంతో రాజ్యాంగ ప్రశ్న తేలిపోయిందని కొందరు రాసేశారు, అది తప్పు. కోర్టు చూసింది 1968 చట్టం మాటల కిందకి కనీసం కొన్ని కిట్లైనా వస్తాయా అన్నదే, ఆయుధ హక్కు ఇచ్చే రెండో సవరణ జోలికి పోలేదు. ఆ నిబంధన కిందకి వచ్చే కిట్ అమ్మేవాడు లైసెన్సు, నంబర్, చెక్ అన్నీ చూసుకోవాలి, కిట్ లేకుండా అంతా సొంతంగా చేసుకునేవాడికి మాత్రం ఫెడరల్ చట్టం ఎప్పట్లాగే.

నా ఓటు నంబర్‌కే. దొంగ వెళ్లి నంబర్‌కి దరఖాస్తు పెట్టడన్నది నిజమే, ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉన్నవాణ్ణి ఇదేమీ ఆపలేదు. అయినా హక్కు ఎవరికీ పోదు, తుపాకీ చేతులు మారితే జాడ ఉంటుంది, అర్హులందరికీ తప్పక ఇవ్వాల్సిన లైసెన్సు పద్ధతులను బ్రూయెన్ తీర్పు కూడా తప్పుపట్టలేదు కాబట్టి కోర్టులో నిషేధం కంటే ఇదే నిలబడేలా ఉంది.

అన్నట్టు, హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఈ చర్చ చదివి గ్యారేజీలో మొదలుపెట్టకండి. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వీసాల మీద తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం.