సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు జాగ్రత్త: విండోస్ చూపించే ‘ఐ7’ ఉత్త రాత కావచ్చు

శ్రీకాకుళం, విజయనగరంలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కోసం తిరుగుతున్నవాళ్లు, ముఖ్యంగా ఎచ్చెర్ల వైపు చదువుకునే పిల్లలు, ఇది చదివాకే డబ్బు కట్టండి. ఐ7-8650యూ (8వ తరం ప్రాసెసర్) అని అమ్మిన యంత్రం తీరా విప్పి చూస్తే ఐ5-4300యూ (పాత 4వ తరం). షాపులో సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి మరీ చూపించారు. అక్కడ ఐ7 అనే ఉంది.

విండోస్ హార్డ్‌వేర్ వివరాలు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఉంటాయి. డ్రైవర్ల సెట్టింగులు, ఇంతవరకు తగిలించిన పరికరాల చిట్టా ‘సిస్టమ్’ భాగంలో, డిస్కు మీద ఫైలుగా నిలిచి ఉంటాయి. ప్రాసెసర్ పేరు ఉండేది ‘హార్డ్‌వేర్’ భాగంలో. దానికి డిస్కు మీద ఫైలే లేదు. బూట్ అయిన ప్రతిసారీ మెమరీలో కొత్తగా తయారవుతుంది. అయినా అడ్మినిస్ట్రేటర్ హక్కులుంటే రెజ్‌ఎడిట్‌లో (రిజిస్ట్రీని మార్చే విండోస్ ప్రోగ్రామ్) ‘ప్రాసెసర్ నేమ్ స్ట్రింగ్’ను, అంటే ప్రాసెసర్ పేరు రాసి ఉన్న వరసను, ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. సిస్టమ్ ప్రాపర్టీస్ ఆ మార్చిన పేరునే చూపిస్తుంది.

రీస్టార్ట్ చేస్తే అసలు పేరు రావాలి. రాకపోతే, విండోస్ లేవగానే పేరు మార్చే పనిని టాస్క్ షెడ్యూలర్‌లో (పనులను వాటంతట అవే జరిగేలా పెట్టే విండోస్ సాధనం) పెట్టి ఉంటారు. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం అసలు పరీక్షే కాదు. విండోస్ త్వరగా తెరుచుకునేలా చేసే ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంటే కెర్నల్ (విండోస్ మూలభాగం) మెమరీ డిస్కులో దాగి, మార్చిన పేరుతో సహా అలాగే తిరిగి వస్తుంది.

వేగం చూసి తేల్చుకుందామంటే కుదరదు, ఈ రెండు ప్రాసెసర్ల బేస్ స్పీడ్ ఒకటే: 1.90 గిగాహెర్ట్జ్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి కోర్లు లెక్కపెట్టండి. 8650యూకి 4 కోర్లు, 8 లాజికల్ ప్రాసెసర్లు ఉండాలి. 4300యూకి 2, 4 మాత్రమే. మెమరీ వేగం 1600 అని ఉంటే అనుమానించండి, అది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కాలం నాటిది. రిజిస్ట్రీలో పేరు ఉన్న చోటే ‘ఐడెంటిఫయర్’ అనే వరస కూడా ఉంటుంది. పేరు మార్చినవాళ్లు దీన్ని మరిచిపోవచ్చు. అందులో మోడల్ 69 అంటే 4వ తరం. 8650యూ అయితే మోడల్ 142, స్టెప్పింగ్ 10.

అన్నిటికన్నా గట్టి పరీక్ష విండోస్ బయట చేసేదే. రీస్టార్ట్ చేసి, డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే, యంత్రం సొంత సెట్టింగుల తెర) వెళ్లండి. ప్రాసెసర్, ర్యామ్, సీరియల్ నంబరు అక్కడ చూసి, సీరియల్‌ను అడుగున ఉన్న స్టిక్కరుతో పోల్చండి. బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఆ యంత్రాన్ని వదిలేయండి. ఉబుంటు (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్ మీ దగ్గరుంటే దాంతో బూట్ చేసి చూడటం ఇంకా మేలు.

‘విండోస్ 11 ఉంది, అంటే 8వ తరమే కదా’ అనే మాటకు పడిపోకండి. ఎక్కించేటప్పుడు విండోస్ 11 ప్రాసెసర్ పాతదా అని తనిఖీ చేసే మాట నిజమే, కానీ ఆ తనిఖీని రిజిస్ట్రీ విలువలతో దాటించి పాత యంత్రంలోనూ ఎక్కించవచ్చు.

ఇంకొకటి, డిస్కు క్లోనింగ్, అంటే ఒక యంత్రం డిస్కును ఉన్నదున్నట్టు మరోదాంట్లోకి కాపీ చేయడం. డివైస్ మేనేజర్‌లో వ్యూ, షో హిడెన్ డివైసెస్ నొక్కండి. పాత పెన్‌డ్రైవ్‌లు వెలిసిపోయినట్టు కనిపించడం మామూలే. వేరే కంపెనీ గ్రాఫిక్స్, వేరే వైఫై కార్డు అలా కనిపిస్తే మాత్రం ఆ విండోస్ మరో యంత్రం నుంచి కాపీ అయి ఉండొచ్చు, లేదా విడిభాగాలు మార్చి ఉండొచ్చు. ఏదన్నది అడగండి. క్లోన్ అయితే విండోస్ కొత్తగా వేయించుకోండి.

బిల్లులో ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్, సీరియల్ రాయించాకే ఫోన్‌పే చేయండి. మోసం బయటపడి షాపువాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.