బెజవాడలో ప్లాంటెడ్ ట్యాంక్ ప్యాకేజీ కొనబోయేవాళ్ళు ముందు ఇది చదవండి

ప్లాంటెడ్ ట్యాంక్ అంటే నీటిమొక్కలు పెంచే చేపల తొట్టి. రెండడుగుల ట్యాంక్‌కి మొక్కలు, సాయిల్ (మొక్కలు నాటే మట్టి), రాళ్ళు అన్నీ కలిపి ప్యాకేజీ అంటే జూన్‌లో మన బెజవాడలోనే ఒక షాపులో తీసుకున్నానండి, 11,500 అయింది. ఐదు వారాలకి 12 నియాన్ టెట్రా చేపల్లో 3 మిగిలాయి, చెర్రీ ష్రింప్ (చిన్న రొయ్య) ఒక్కటి కూడా లేదు. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆ తర్వాత గుంటూరులో ఇంకో చోట కూడా అచ్చం ఇదే సరుకు చూశా, అందుకని సరుకుని గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎక్కడ కొన్నా మోసపోరు.

సెట్ చేసిన రోజు ట్యాంక్ ఎంత బావుందో చెప్పలేను. వెనకాల తెల్ల చారల ఆకులు, పక్కన ఊదారంగు ముడతల ఆకులు, ముందు ముదురాకుపచ్చ గడ్డి, ఇంట్లో అందరం లైట్ ఆర్పకుండా కూర్చుని చూశాం. రెండో వారం నుంచి ఆకులు గోధుమరంగులోకి తిరగడం మొదలైంది, షాపువాడికి ఫోన్ చేస్తే "మెల్ట్ అవుద్ది సార్, కామన్, నెల రోజులు ఆగండి" అన్నాడు. నన్ను ముంచింది ఆ మాటేనండి, ఎందుకంటే అది సగం నిజం. అసలైన నీటిమొక్కల్ని కూడా ఫారాల్లో చాలావరకు నీళ్ళ బయట తేమలోనే పెంచుతారు, మన ట్యాంక్‌లో ముంచగానే పాత ఆకులు కరిగిపోతాయి, క్రిప్టోకొరైన్ అనే నీటిమొక్క అయితే మొత్తం పోయినట్టే కనిపించి మళ్ళీ వేరు దగ్గర నుంచి కొత్తాకు వేస్తుంది. అది నాకూ తెలుసు కాబట్టే నమ్మి ఆగా.

నాలుగో వారంలో మా అమ్మ ట్యాంక్ దగ్గర డ్రైనేజీ వాసన వస్తోందిరా అంది. చారల మొక్క కాండాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే పైతొక్క ఉడికిన ఉల్లిపాయ పొరలాగా చేతిలోకి జారి వచ్చేసింది, లోపల నార తప్ప ఏం లేదు. అప్పుడు కూర్చుని ఫోటోలతో పోల్చి చూస్తే చారలది డ్రసీనా, లక్కీ బ్యాంబూ జాతిదే, ఊదారంగుది హెమిగ్రాఫిస్, గడ్డి మోండో గ్రాస్. మూడూ కుండీల్లో పెంచే మొక్కలు. వేళ్ళు నీళ్ళల్లో ఉంటే డ్రసీనా బతుకుద్ది, ఆకులతో సహా ముంచితే కొన్నాళ్ళు పచ్చగా ఉండి తర్వాత కుళ్ళుతుంది. ఆ కొన్నాళ్ళలోపే వాపసు గడువు అయిపోతుంది.

మెల్ట్‌కీ కుళ్ళుకీ తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. మెల్ట్ అయితే ఆకులు పలచబడి పోతాయి గానీ వేరు, దుంప గట్టిగానే ఉంటాయి, రెండు మూడు వారాల్లో చిన్న కొత్తాకు కనబడుద్ది. కాండమే మెత్తబడి వాసనొస్తే ఇంక ఆగొద్దు, పీకేయండి.

అన్నేసి చేపలు పోవడానికి రాయి కూడా కారణం. డ్రాగన్ స్టోన్ అని ఇచ్చినవి సున్నపురాళ్ళు, వెనిగర్ చుక్క వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. సున్నపురాయి నీళ్ళ హార్డ్‌నెస్, పీహెచ్ పెంచుద్ది, కుళ్ళిన మొక్కల నుంచి అమ్మోనియా వస్తోంది, పీహెచ్ ఎక్కువైతే అదే అమ్మోనియాలో విషపు భాగం ఇంకా పెరుగుద్ది, దానికి తోడు మన ఎండలకి నీళ్ళు 31 డిగ్రీలు. నేను నీళ్ళు పరీక్షించే కిట్ పెట్టి చూసేసరికి పీహెచ్ 7.8, అమ్మోనియా 1 పీపీఎం. ఇంక నియాన్‌లు ఎట్లా తట్టుకుంటాయి?

సాయిల్ కూడా పేరు లేని కవర్లో లూజుగా ఇచ్చాడు, జపాన్‌ది అన్నాడు. మిగిలిన గుప్పెడు గ్లాసు నీళ్ళల్లో వేసి ఉంచితే పొద్దున్నకి అడుగున బురద, ముట్టుకుంటే చేతివేళ్ళకి నల్లరంగు. సీల్ ఉన్న బ్యాగ్ తప్ప తీసుకోకండి.

ఇంకొకటి, షాపువాడు తను హైదరాబాద్‌లో చేశానని చూపించిన పెద్ద ట్యాంక్ ఫోటో పోర్చుగల్‌లోని లిస్బన్ ఓషనేరియంలోది, 40 మీటర్ల పొడవుంటుంది, 2015లో జపాన్‌కి చెందిన తకాషి అమానో చేసింది. ఈ హాబీకి దారి వేసిన ఆయన అదే ఏడాది చనిపోయారు, ఆయన పని చూపించి కుండీ మొక్కలు అమ్మడం నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధేసింది. ఎవరైనా స్కేప్ (ట్యాంక్‌లో మొక్కలు, రాళ్ళ అమరిక) చేసిస్తామంటే ఆరు నెలలు దాటిన వాళ్ళ సొంత ట్యాంక్ నేరుగా వెళ్ళి చూడండి. మొక్క పూర్తి పేరు బిల్లు మీద రాయించుకోండి, "ఇంపోర్టెడ్ రెడ్" లాంటివి పేర్లు కాదు. కొత్తవాళ్ళయితే అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు చాలు, రైజోమ్ (అడ్డంగా పెరిగే లావుపాటి కాండం) మట్టిలో పూడ్చకుండా చెక్కకి దారంతో కట్టేస్తే విడిగా సీఓటూ గ్యాస్ ఇవ్వకుండానే వస్తాయి.

షాపుకి మూడుసార్లు వెళ్ళా, మీ వాటర్‌దే తప్పన్నాడు, డబ్బు రాలేదు. మెత్తబడకుండా మిగిలిన ఒక డ్రసీనా కొమ్మని కుండీలో పెడితే వంటింటి కిటికీలో కొత్తాకు వేసింది.

ఈ వర్షాకాలంలో ఇలాంటి ప్యాకేజీ ఎవరైనా తీసుకుని ఉంటే ఇవాళే చారల మొక్కలు పీకి కుండీలోకి మార్చండి, రాళ్ళకి వెనిగర్ టెస్ట్ చేయండి, క్లోరిన్ తీసిన నీళ్ళతో సగం మార్చండి, రేపు కూడా అమ్మోనియా చూడండి. షాపువాడితో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.