కజాన్‌లో నా ఆదివారం భోజనం: బౌమన్ వీధిలోని దోమ్ చాయా

రష్యాలోని కజాన్‌కి చదువుకోవడానికి వచ్చాక నాకిది మూడో చలికాలం. 2013లో ఇక్కడ యూనివర్సియాడ్, అంటే ప్రపంచ యూనివర్సిటీ విద్యార్థుల క్రీడలు జరిగినప్పుడు ఆటగాళ్ల కోసం కట్టిన ఇళ్లే ఇప్పుడు మా హాస్టళ్లు. వంటగది ఉంది, రైస్ కుక్కర్ ఉంది. వారమంతా అన్నం, పప్పు, గుడ్డు కూర. ఆదివారం మాత్రం నేను వండను. ప్రొస్పెక్త్ పబేది స్టేషన్‌లో మెట్రో ఎక్కి, నాలుగో స్టేషన్ ప్లోషద్ తుకాయాలో దిగి, బౌమన్ వీధిలో కాస్త నడిచి దోమ్ చాయాకి వెళ్తాను. పేరుకి అర్థం టీ ఇల్లు. నిజానికది టీతో పాటు ఇక్కడి స్థానికులైన తాతార్ల పిండివంటలు అమ్మే స్తలోవయా, అంటే ట్రే పట్టుకుని వరసలో నడుస్తూ కావలసింది తీసుకుని, చివర్లో డబ్బు కట్టే క్యాంటీన్.

బౌమన్ వీధి కజాన్‌కి ముఖ్యమైన వీధి. బండ్లు రావు, అందరూ నడిచేవాళ్లే. టూరిస్టుల కోసం పెట్టిన రెస్టారెంట్లు అడుగడుగునా ఉంటాయి, వాటి బయట బోర్డు మీద ధరలు చూస్తేనే స్టూడెంట్లు వెనక్కి తిరుగుతారు. దోమ్ చాయాలో అలా కాదు. నేను పోయిన వారం రెండు కిస్తిబీలు, ఒక ఎలేష్, పాలు పోసిన టీ తీసుకుంటే మొత్తం 400 రూబుళ్ల లోపే అయింది. మళ్లీ రాత్రి దాకా ఆకలి వేయలేదు.

ముందు కిస్తిబీ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో నన్ను నిలబెట్టింది అదే. పులియబెట్టని పిండిని పల్చగా వత్తి, నూనె లేకుండా పెనం మీద కాలుస్తారు. మన పుల్కా లాంటిదే అనుకోండి. అది వేడిగా ఉండగానే సగానికి మడిచి, మధ్యలో పాలు, వెన్న వేసి మెత్తగా మెదిపిన బంగాళాదుంప పెడతారు. పైన కరిగించిన వెన్న రాస్తారు. అంతే. మసాలా ఏమీ ఉండదు. మొదటిసారి తిన్నప్పుడు చప్పగా అనిపించింది. రెండోసారి నా సంచిలోంచి కారప్పొడి డబ్బా తీసి కొంచెం చల్లుకున్నాను. మూడోసారికి ఆ డబ్బా అవసరం కూడా లేకపోయింది. వెన్న వాసన, కాలిన పిండి రుచి, ఉప్పు సరిగ్గా పడిన దుంప, ఈ మూడూ చాలు. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: చల్లారిన కిస్తిబీ తోలులా సాగుతుంది. కౌంటర్ దగ్గర 'రజగ్రేత్?' అని అడుగుతారు, వేడి చేయమంటారా అని. తప్పకుండా 'దా', అంటే అవును అనండి.

మాంసం సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడ పడే టెన్షన్ అంతా దీని గురించే. కజాన్ తాతార్‌స్తాన్ రాజధాని, ముస్లింలు ఎక్కువ. హలాల్ అని రాసి ఉన్న చోట పంది మాంసం బెడద ఉండదు. కానీ బీఫ్ దాదాపు అన్నిట్లో ఉంటుంది. తాతార్ల పిండివంటల్లో అందరికీ తెలిసింది ఎచ్‌పొచ్‌మక్. ఆ మాటకి మూడు మూలలు అని అర్థం, ఆకారం కూడా అంతే. లోపల పచ్చి మాంసం, దుంప, ఉల్లిపాయ చిన్న ముక్కలుగా వేసి, పైన చిన్న కన్నం వదిలి బేక్ చేస్తారు. మామూలుగా దొరికేది బీఫ్‌దే. నేను బీఫ్ తినను కాబట్టి దాని రుచి గురించి ఏమీ చెప్పలేను. నా క్లాస్‌మేట్లు మాత్రం ట్రేలో మొదట పెట్టుకునేది అదే.

నాలా చికెన్ వరకూ తినేవాళ్లకి ఎలేష్ ఉంది. గుండ్రంగా, పిడికిలి కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. లోపల చికెన్, దుంప, ఉల్లిపాయ, మిరియాల పొడి. విరిచినప్పుడు ఆవిరితో పాటు కొంచెం రసం కూడా కారుతుంది, అందుకే ప్లేటులో పెట్టుకుని తినడం మంచిది. బయట మైనస్ ఇరవై ఉన్న రోజున రెండు చేతులతో ఆ ఎలేష్ పట్టుకుంటే వచ్చే హాయిని ఏ పెద్ద రెస్టారెంట్ బిర్యానీ కూడా నాకు ఇవ్వలేదు.

నేర్చుకోవాల్సిన మాటలు నాలుగే. చికెన్ 'కూరిత్స', బీఫ్ 'గవ్యాదిన', గుర్రం మాంసం 'కనీన', దుంపతో చేసింది అంటే 'స్ కర్తోష్కయ్'. గవ్యాదినలో వినిపించేది మన గోవే, రెండు మాటలకీ మూలం ఒకటే. ఈ సంగతి తెలిశాక ఆ మాట ఇక మర్చిపోలేదు. ఏది చూసినా వేలు పెట్టి 'స్ చెమ్?' అని అడగండి, దేనితో చేశారు అని. విసుక్కోకుండా చెబుతారు.

సూప్ దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి ఏడాది వేరే ఒక క్యాంటీన్‌లో 'బెజ్ మ్యాస', మాంసం లేకుండా అని అడిగి క్యాబేజీ సూప్ తీసుకున్నాను. ముక్కలు లేవు నిజమే. సగం తాగాక పక్కనున్న తాతార్ అమ్మాయి చెప్పింది, అది బీఫ్ ఎముకలు ఉడికించిన నీళ్లతో చేసిందని. ఆ రోజు చాలా బాధపడ్డాను. వడ్డించిన ఆవిడ నన్ను మోసం చేయలేదు, ఆమె లెక్కలో మాంసం అంటే ముక్కే. అప్పటినుంచి 'నా మ్యస్నోమ్ బుల్యోనే?' అని విడిగా అడుగుతున్నాను, మాంసం రసంతో చేసిందా అని. పూర్తి శాకాహారులు ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టండి.

టీ గురించి కూడా చెప్పాలి. తాతార్లు టీలో పాలు పోసుకుంటారు. టీ, పాలు కలిపి మరిగించరు కాబట్టి మన టీ అనుకుని తాగితే నిరాశపడతారు. పల్చగా, వెచ్చగా, వెన్న రాసిన పిండివంట పక్కన తాగడానికి బాగుంటుంది. తీపి కావాలంటే చక్‌చక్ ఉంది. పిండి ముక్కలు వేయించి తేనె పాకంలో కలిపి ముద్దగా చేస్తారు, పాకం ఉండలు తిన్నవాళ్లకి వెంటనే నచ్చుతుంది. గుబాదియా నాకు ఇంకా ఇష్టం. అన్నం, ఎండుద్రాక్ష, ఉడికిన గుడ్డు, ఎర్రగా కాచిన కోర్త్ అనే పెరుగు ముద్ద పొరలుపొరలుగా పెట్టిన పెద్ద పై. ముక్కలుగా కోసి అమ్ముతారు. మాంసం పొర వేసే రకం కూడా ఉంది, అడిగే తీసుకోండి.

లోపాలు లేవని కాదు. ఆదివారం మధ్యాహ్నం లైన్ పెద్దగా ఉంటుంది, కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి. సలాడ్లన్నిటి మీదా సోయకూర (డిల్) చల్లుతారు, ఆ వాసన పడనివాళ్లకి కష్టం. మధ్యాహ్నం దాటి వెళ్తే ఎలేష్ ఒక్కోసారి అయిపోయి ఉంటుంది. నేను పన్నెండుకల్లా చేరుకోవడానికి అదే కారణం.

కొత్తగా వచ్చేవాళ్లకి డబ్బు సంగతి. 2022 మార్చి నుంచి బయటి దేశాల్లో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్‌లు రష్యాలో పనిచేయడం లేదు. ఇక్కడి బ్యాంకులో రష్యా సొంత కార్డు మీర్ వచ్చేదాకా జేబులో రూబుళ్లు ఉండాల్సిందే. బౌమన్ దాకా వెళ్లలేని రోజున ఈ ఊళ్లోనే పుట్టిన బహెత్‌లే సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. వండిన వంటలు, పిండివంటలు కౌంటర్‌లో పెట్టి అమ్ముతారు. ఇలాంటి కౌంటర్లలో ఎక్కడైనా చీటీ మీద ధర 100 గ్రాములకా, కిలోకా చూసుకోండి.

నాకు దోమ్ చాయా పరిచయం చేసింది మా సీనియర్ అక్క. 'ఏమీ తినకుండా చిక్కిపోతున్నావే, రా' అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. కౌంటర్ వెనక ఉండే పెద్దావిడని 'అపా' అనాలనీ, తాతార్‌లో 'రెఖ్మెత్' అంటే థాంక్స్ అనీ ఆమే నేర్పింది. అక్క చదువు పూర్తయి వెళ్లిపోయింది. ఈ సెప్టెంబర్‌లో వచ్చిన మా జూనియర్ పిల్ల మూడు వారాలుగా నూడుల్స్ మీదే బతుకుతోందని నిన్న తెలిసింది. రేపు ఆదివారం పదకొండున్నరకి తయారుగా ఉండమన్నాను. దుంప కిస్తిబీ రెండు, గుబాదియా ఒక ముక్క. తను మాంసం తినదు, గుడ్డు మాత్రం తింటుంది.